సిరొంచ రేవు ముచ్చట కాగితం మీదికి ఎక్కాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

ప్రాణహిత మీద వంతెన పడ్డాక మహారాష్ట్రలోని మా సిరొంచ నుంచి కాళేశ్వరం పోవడం నిమిషాల పని అయింది. పురిటినొప్పులు మొదలైన ఆడమనిషిని అర్ధరాత్రి పడవలో అవతలికి దాటించిన రోజులు మాకు గుర్తే, కాబట్టి వంతెన మీద నాకే ఫిర్యాదూ లేదు. వంతెన వచ్చాక లేకుండా పోయిన రేవు గురించి రాస్తున్నాను.

రేవులో ఓ చిన్న ఊరే ఉండేది. అటు కాళేశ్వరం, ఇటు అల్లపల్లి, తూర్పున అసరల్లి మీదుగా పోయి ఇంద్రావతి దాటితే భోపాలపట్నం, ఇన్ని దారుల మనుషులు అక్కడ కలిసేవాళ్ళు. పడవలు నడిపే బెస్తవాళ్ళు, చాయ్ హోటళ్ళు, మిర్చి బజ్జీల పొయ్యిలు, జీపులవాళ్ళు, ఎండాకాలం ఇసుకలో పుచ్చ పాదులు పెట్టుకునేవాళ్ళు. నీళ్ళు తగ్గేకొద్దీ గుడిసెలు ఇసుకలోకి జరిగేవి, తొలకరి పడగానే తడకలు, వాసాలు విప్పుకుని గట్టు మీదికి మోసుకొచ్చేవాళ్ళు. మోటారు సైకిల్‌ని పడవ ఎక్కించాలంటే రెండు పలకలు వేసి, పెట్రోలు కుళాయి కట్టేసి, ఒకడు హ్యాండిల్ పట్టుకుంటే ఇద్దరు వెనక నుంచి ఎత్తేవాళ్ళు, పడవ ఊగినా బండి మీద గీత పడనిచ్చేవాళ్ళు కాదు. 2010 డిసెంబరు పుష్కరాలకి జనం పడవల మీదే దాటారు. 2022 ఏప్రిల్‌లో మళ్ళీ పుష్కరాలు వచ్చేసరికి అందరూ వంతెన మీది నుంచే పోయారు.

మేడిగడ్డ బ్యారేజి నీళ్ళలో పొలం మునిగిన రైతుకి కనీసం సాత్‌బారా, అంటే పొలం హక్కు కాగితం, చూపించి అడిగే దారి ఉంది. ఇసుకలో గుడిసెకి ఏ కాగితం ఉంటుంది చెప్పండి?

అలాగని ఈ నది గురించి ఎవరూ రాయలేదా అంటే, బోలెడు రాశారు. 1860లో నిజాం ఈ ఎడమ ఒడ్డు తాలూకాలు ఇంగ్లీషువాళ్ళకి ఇచ్చేశాక సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకి ముఖ్యపట్టణం అయింది. బేరారు (ఇప్పటి విదర్భ) పత్తిని వార్ధా, ప్రాణహిత, గోదావరుల మీదుగా పడవల్లో సముద్రానికి చేర్చాలని, దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి దగ్గరి రాతి అడ్డంకులు దాటే దారి వెయ్యాలని చూసి, ఖర్చు పెట్టీ పెట్టీ 1871లో మానుకున్నారు. తర్వాత భద్రాచలం, చర్ల, నూగూరు మద్రాసు వైపు పోయాయి, మేం ఇటు ఉండిపోయాం, ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. పూర్తికాని ఆ దొరల పడవదారికి రిపోర్టులున్నాయి, జిల్లా వివరాలు రాసిన గెజిటీర్లున్నాయి. తరాల తరబడి నిజంగా జనాన్ని దాటించినవాళ్ళ గురించి మాత్రం నేను ఒక్క పేజీ కూడా చూడలేదు. ఇది నాకు చాలా బాధగా ఉంది.

మా తాలూకాలో దొరికిన కోట్ల ఏళ్ళ నాటి ఎముకల కోసం వడధం దగ్గర ఫాసిల్ పార్కు పెట్టారు, మంచి పని. నిన్నమొన్నటి రేవు దగ్గర తెలుగు, మరాఠీ, గోండీలో ఒక బోర్డు పెట్టడం అధికారులకి పెద్ద కష్టమేమీ కాదు. అంతకన్నా ముందు, పడవ నడిపిన ముసలివాళ్ళ మాటలు రికార్డు చేయించాలి. ఏ నెలలో ఏ పాయ ఎటు తిరిగేది, చీకట్లో దేన్ని గుర్తు పెట్టుకుని ఒడ్డుకి చేరేవాళ్ళు, ఇవన్నీ వాళ్ళ నోట్లోనే ఉన్నాయి, ఆ వయసువాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు.

మీ ఆదివారం సంచికలో ఒక పేజీ ఇవ్వండి. పెళ్ళివాళ్ళు పడవలో దాటుతున్న ఫొటోలు రెండు ఒడ్డుల ఇళ్ళలోనూ ఆల్బమ్‌లలో ఉంటాయి. మీరు అడిగితే కాళేశ్వరం, మహదేవపూర్ వైపువాళ్ళు కూడా పంపుతారు.

— ఒక పాఠకుడు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా