యుద్ధం వద్దన్న కాగితానికి గోడ మీద చోటు లేదా?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మా వీధి చివర గోడకి ఇంటర్ చదివే పిల్లలు నాలుగు చార్టులు అంటించారు. మైదా జిగురు మా ఇంట్లోనే ఉడకబెట్టుకున్నారు. ఒకదాని మీద ఎర్ర రంగుతో చంటిబిడ్డ చెప్పు ఒక్కటే గీసి, కింద ‘యుద్ధం ఎవరిదైనా పోయేది మా ప్రాణాలే’ అని రాశారు. తెల్లారేసరికి ఎవరో నీళ్లు చల్లి గీకేశారు. పక్కన సినిమా పోస్టరు, ప్లాట్ల పోస్టరు, పుట్టినరోజు ఫ్లెక్సీ చెక్కుచెదరలేదు, చెప్పు బొమ్మ మడమ ముక్క మాత్రం గోడకి కరుచుకుని ఉంది. చాలదన్నట్టు కొందరు ఆ పిల్లల ఇళ్లకి వెళ్లి దేశద్రోహులని తిట్టొచ్చారు.

నాకు కడుపు రగిలిపోయింది. ఏలేవాళ్లకి కాదని చెప్పడం మన నేలకి కొత్తా? చీరాల ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయింది గానీ మా ప్రకాశం వాళ్లకి పరాయిది కాదు. అక్కడ మునిసిపాలిటీ పన్నులు మోయలేమని 1921లో జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట ఇళ్లు వదిలేసి, ఊరి పొలిమేర దాటి రామనగర్‌ కట్టుకుని, ఎండకీ వానకీ ఓర్చి పదకొండు నెలలు పాకల్లో ఉన్నారు. మా నాయనమ్మకి అప్పుడు ఆరేళ్లు. తాళం వేసిన తమ ఇల్లు చూసి వస్తానని రోజూ మారాం చేసేదాన్నని చెప్పేది. వాళ్లని ఇవాళ మనం గొప్పవాళ్లంటున్నాం కదా.

యుద్ధం వద్దనే పన్ను ఆపినవాళ్లు అమెరికాలో ఉన్నారు. మెక్సికో మీద యుద్ధం, బానిసత్వం రెండూ తప్పన్న రచయిత థోరో 1846లో పన్ను కట్టనని ఒక రాత్రి జైల్లో ఉన్నాడు. గాంధీజీ ఆయన రాతలు చదివారు. వియత్నాం యుద్ధ కాలంలో గాయని జోన్ బాయెజ్ తన ఆదాయపు పన్నులో 60 శాతం, సైన్యానికి పోయే వాటా అని, కట్టనంది. ఫోన్ బిల్లు కట్టి, యుద్ధ ఖర్చుకి పోతుందని అందులో పన్ను మాత్రం ఆపినవాళ్లూ చాలామంది. వాళ్లలో దాక్కోకుండా, మేమే ఆపామని ఉత్తరం రాసి మరీ చెప్పినవాళ్లున్నారు.

నేను ఎవరినీ పన్ను ఎగ్గొట్టమనడం లేదు. అసలు ఆ దారి మనలాంటి వాళ్లకి మిగల్లేదు, జీతంలో ముందే కోసేస్తారు, బిస్కెట్ ప్యాకెట్ కొన్నా జీఎస్టీ కట్టే బయటికొస్తాం. డబ్బు ఆపలేనివాడికి మాట తప్ప ఏముంది? కాగితం, రంగు, మైదా జిగురు. అదీ గీకేస్తే ఎలాగండీ?

ప్రతి ఊళ్లో జనం తమ మాట అంటించుకోవడానికి ఒక గోడ కేటాయించాలి, అక్కడి కాగితాన్ని ఎవరూ చించకూడదని బోర్డు పెట్టాలి. పిల్లలు నిన్న మళ్లీ చార్టులు కొనుక్కొచ్చారు, ఎక్కడ అంటించమంటావు టీచర్ అని అడుగుతున్నారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు, ప్రకాశం జిల్లా