అరుగు మీద లేసు, పాసు పుస్తకంలో పేరు

ఏమే,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట నాకింకా మింగుడు పడలేదు. "మన అమ్మలు హాయిగా ఇంటిపట్టున ఉన్నారు, మనకే ఈ ఉద్యోగాలూ టెన్షన్లూ" అన్నావు. ఫోన్లో నన్ను మాట్లాడనిస్తేగా నువ్వు! అందుకే రాస్తున్నా, కుదురుగా చదువు.

హాయిగా ఉన్నారా? మధ్యాహ్నం అంట్లు తోమేశాక అరుగు మీద చేరి చీకటిపడేదాకా లేసు అల్లేవాళ్లు కదే. మా అమ్మ ఎడమచేతి చూపుడువేలి మీద దారం ఒరుసుకుని పడిన గాడి ఇప్పటికీ కనిపిస్తుంది. ఏజెంటు దారం ఇచ్చేవాడు, అల్లినవి పట్టుకెళ్లేవాడు, చేతిలో పెట్టిందే కూలి. బేరం లేదు. ఆ టేబుల్ క్లాత్‌లేమో విదేశాలకి ఎగుమతి. మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ మన నరసాపురం లేసు మీద పరిశోధన చేసి 1982లో పుస్తకమే వేసింది. అంత వ్యాపారం వీళ్ల వేళ్ల మీద నడుస్తున్నా వీళ్లని కార్మికులనరు, ఖాళీ టైములో ఏదో అల్లుకునే గృహిణులంటారని అందులో గోల. నిజమే, జనాభా లెక్కలవాళ్లు వస్తే మా నాన్న "ఆవిడేం చెయ్యదండీ, ఇంట్లోనే" అనేవారు, పక్కనే దారం ఉండలు దొర్లుతుంటే! 2024లో ఈ లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కూలి సంగతి మాత్రం అడక్కు.

ఆడవాళ్ల పనిని లెక్కలోకి తీసుకోకపోవడం మన దగ్గర పాత అలవాటే. వీరేశలింగం గారు 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారనీ, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం చేయించారనీ బట్టీ పట్టాం కదా. చట్టం 1856లోనే వచ్చింది, పెళ్లికి పాతికేళ్లు పట్టింది, అది వేరే కథ. ఊరు వెలేసి, వంటవాళ్లూ నీళ్లవాళ్లూ మానేస్తే, గోదావరి నుంచి నీళ్లు మోసి అందరికీ వండిపెట్టింది ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు. ఆవిడ మీద పరీక్షలో ఒక్క బిట్టయినా వచ్చిందా మనకి?

స్వాతంత్య్ర పోరాటంలో జైలుకెళ్లిన ద్రాక్షారామం దువ్వూరి సుబ్బమ్మ గారూ, 1923 కాకినాడ కాంగ్రెస్‌లో టికెట్ లేదని నెహ్రూనే ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర ఆపేసిన దుర్గాబాయీ నీకు తెలిసినవాళ్లే. పద్నాలుగేళ్ల పిల్ల! ఆ పిల్లే తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుంది.

బడి వచ్చింది, పెళ్లి వచ్చింది, ఓటు వచ్చింది. మనవైపు మాత్రం అన్నిటికన్నా ఆలస్యంగా కదిలింది పొలమే అంటాను నేను. కాలవ కింద మాగాణి, ఎవడు వదులుతాడు? పసుపు కుంకుమ కింద అరెకరం రాసిచ్చి మురిసిపోయేవాళ్లు, దాని మీద వచ్చే కౌలు కూడా అల్లుడే తినేవాడు. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన 1986 చట్టంతో ఉమ్మడి ఆస్తిలో కూతురికీ సమాన వాటా వచ్చింది. కానీ 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లి కాకుండా ఉండాలి. మా అక్కకి అప్పటికే పెళ్లయిపోయింది, నాకు కాలేదు. ఒకే కడుపున పుట్టాం, నాకు వాటా, దానికి సున్నా. 2005లో కేంద్రం చట్టం మార్చాక గానీ ఆ తేడా పోలేదు.

చట్టం మారినా ఇంట్లో పద్ధతి అదే. "అక్కా, చిన్న సంతకం" అంటూ తమ్ముళ్లు హక్కు విడుదల దస్తావేజు, అదే, నా వాటా వదులుకుంటున్నానని రాసిచ్చే కాగితం, పట్టుకొస్తారు, చీరా సారెతో సహా. పెట్టకపోతే పుట్టింటి గడప మూసుకుపోతుందని భయం. మా వీధిలో కువైట్‌లో ఇంటిపని చేసి డాబా కట్టించిన ఆవిడ కూడా సంతకం పెట్టేసింది, తెలుసా. డాబా కూడా మొగుడి పేరునే ఉంది.

నేను పెట్టలేదు. అక్క వాటా కూడా తేల్చమన్నాను. పొలం పాసు పుస్తకంలో మా ఇద్దరి పేర్లూ ఎక్కేదాకా ఆఫీసు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. మా తమ్ముడికి ఇంకా కోపం తగ్గలేదు. నువ్వు పండక్కి వస్తే నేరుగా మా ఇంటికే రా, ముందు వాడింటికి వెళ్లావంటే నా మీద చాడీలు వినలేక చస్తావు. మీ అన్నయ్య కాగితమేదైనా పంపితే నాకు చూపించకుండా సంతకం పెట్టకు.

ఉంటాను,
నీ నేస్తం