సరస్సుల ప్రదర్శన, పుస్తకం: జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చినవారికి, పుస్తకం కొన్నవారికి, ప్రదర్శనకు చోటిచ్చిన బడులకు, కళాశాలలకు నమస్కారం. ప్రపంచంలోని పెద్ద మంచినీటి సరస్సులు ఎలా చెడిపోయాయి, వాటిలో కొన్ని ఎలా కోలుకున్నాయి అన్న విషయం మీద తెలుగులో పటాల ప్రదర్శన ఒకటి, దానికి తోడుగా ఒక పుస్తకం తెస్తామని చెప్పి డబ్బు అడిగాం. రెండూ పూర్తయ్యాయి. లెక్క ఇదీ.

జమ
చందాలు: రూ. 1,86,500
పుస్తకం అమ్మకాలు: రూ. 47,200
ప్రదర్శన పెట్టుకున్న బడులు, కళాశాలలు ఇచ్చినవి: రూ. 18,000
మొత్తం: రూ. 2,51,700

ఖర్చు
పుస్తకం ముద్రణ, 1,000 ప్రతులు: రూ. 78,500
బొమ్మలు, గ్రాఫులు గీసిన చిత్రకారులకు: రూ. 52,000
గుడ్డ మీద 24 పటాల అచ్చు: రూ. 38,400
స్టాండులు, రవాణా: రూ. 27,300
అనువాదం, ప్రూఫులు: రూ. 21,000
ఫొటోల హక్కులు: రూ. 9,600
తపాలా, బ్యాంకు చార్జీలు: రూ. 4,150
మొత్తం: రూ. 2,30,950

నిల్వ: రూ. 20,750

ఎక్కువమంది దాతలు అడిగిన ప్రశ్న ఒక్కటే. ఫొటోలకు 9,600 పెట్టి, గీతలకు 52,000 ఎందుకు పోశారు? ఈ పద్దుకు కాస్త వివరంగానే జవాబు చెప్పాలి, ప్రదర్శన రూపం దీని మీదే ఆధారపడింది.

చెడిపోయిన సరస్సులకు ఫొటోలు కొల్లలు. 2011లో అమెరికా, కెనడాల మధ్యనున్న ఈరీ సరస్సు పడమటి భాగాన్ని కమ్మేసిన పచ్చటి నాచు, 1990లలో విక్టోరియా సరస్సులో పడవల్ని కదలనివ్వని గుర్రపుడెక్క, 1960ల తర్వాత కుంచించుకుపోయిన చాద్ సరస్సు. ఉపగ్రహ చిత్రాలైతే చాలావరకు ఉచితంగానే దొరికాయి. కోలుకున్న సరస్సును ఫొటో తీస్తే ఏం కనిపిస్తుంది? నీళ్లు. జరిగిన పనంతా భూమిలో పాతిన గొట్టాల్లో, మురుగు శుద్ధి కేంద్రాల్లో ఉంటుంది. అది చూపించాలంటే గీయించక తప్పదు.

సియాటిల్ పక్కనున్న వాషింగ్టన్ సరస్సు పటమే చూడండి. చుట్టూ ఉన్న ఊళ్ల మురుగు, శుద్ధి చేశాక కూడా, ఈ సరస్సులోకే వచ్చి పడేది. 1955లో ఆసిలటోరియా అనే నాచు కనిపించగానే శాస్త్రవేత్త డబ్ల్యూ. టి. ఎడ్మండ్‌సన్ రాబోయేదేమిటో పసిగట్టాడు. మురుగును మళ్లించే వ్యవస్థకు 1958లో ఓటు పెట్టారు. మొదటిసారి ఓడిపోయిన ప్రతిపాదన అదే ఏడాది రెండోసారి నెగ్గింది. 1963 నుంచి 1968 దాకా మురుగును సరస్సు నుంచి సముద్రం వైపు తిప్పారు. నీరు ఎంత తేటగా ఉందో చూడటానికి దించిన తెల్ల పళ్లెం అంతకుముందు మీటరు లోతులోనే కనుమరుగయ్యేది, 1968 నాటికి సుమారు 3 మీటర్ల దాకా కనిపించింది. పళ్లెం దిగిన లోతును ఏడాదివారీగా గీయించాం, పిల్లలు ఎక్కువసేపు నిలబడి చూసింది ఈ పటాన్నే. అయితే ఇంత త్వరగా బాగుపడటం మామూలు విషయం కాదని పటం కిందే రాశాం. ఆ సరస్సు లోతైనది, మురుగు పడింది కూడా కొద్ది దశాబ్దాలే. లోతు తక్కువున్నచోట అడుగు బురదలో పేరుకున్న, నాచును పెంచే భాస్వరం, పైనుంచి రాక ఆగిపోయాక కూడా ఏళ్ల తరబడి నీటిలోకి వస్తూనే ఉంటుంది.

కమిటీలో పెద్ద వాదన కాన్‌స్టాన్స్ సరస్సు మీద జరిగింది. జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల మధ్యనున్న ఈ సరస్సు కోసం 1959లో ఉమ్మడి కమిషన్ ఏర్పడింది. మురుగు శుద్ధికి 400 కోట్ల యూరోలకు పైగా పెట్టారు. 1970ల చివర్లో ఘనమీటరు నీటిలో 80 మిల్లీగ్రాములు దాటిన భాస్వరం ఇప్పుడు 10 లోపే ఉంది. ఇంతవరకు అందరికీ నచ్చే కథే. అక్కడి జాలర్లకు మాత్రం నచ్చలేదు. భాస్వరం తగ్గితే నాచు తగ్గుతుంది, దాన్ని తినే సూక్ష్మజీవులు తగ్గుతాయి, చేపా తగ్గుతుంది. కొంత భాస్వరం ఉండనివ్వండని వాళ్లు అడిగారు, ప్రభుత్వాలు కాదన్నాయి. దీనికి తోడు 2016 నుంచి చేపల తిండిని నీటిలోంచి వడకట్టి తినేసే క్వాగా అనే ఆల్చిప్ప వచ్చిపడింది. చివరికి 2024 నుంచి మూడేళ్లపాటు అక్కడి ప్రధాన చేప వైట్‌ఫిష్‌ను పట్టడమే నిషేధించారు. ఇది పెడితే చూసేవారు అయోమయంలో పడతారని ఒక సభ్యుడు గట్టిగా వ్యతిరేకించారు. ఆయన అసమ్మతిని మినిట్స్‌లో నమోదు చేసి, పటం మాత్రం ఉంచాం. బాగుచేత ఖర్చు ఎవరు భరించారో చెప్పకుండా ఆ కథ చెప్పకూడదని మిగతావారి అభిప్రాయం.

ఈరీకి మూడు పటాలు ఎందుకన్నది రెండో ప్రశ్న. అది కోలుకుని మళ్లీ జబ్బుపడిన సరస్సు కాబట్టి. 1960లలో ఈరీ చచ్చిపోయిందని పత్రికలు రాశాయి. 1972లో అమెరికా, కెనడా నీటి నాణ్యత ఒప్పందం చేసుకున్నాయి. మురుగు శుద్ధి పెరిగింది, సబ్బు పొడుల్లో భాస్వరం తగ్గింది, 1980ల నాటికి సరస్సు తేరుకుంది. అప్పటి భాస్వరం చాలావరకు గొట్టం చివర నుంచి వచ్చేది, గొట్టాన్ని పట్టుకుంటే చాలు. ఇప్పటిది ప్రధానంగా ఈరీలో కలిసే మౌమీ నది పరీవాహకంలోని పొలాల నుంచి వానతో పాటు కొట్టుకొస్తోంది. ఎన్నో వేల కమతాలు, ఎవరిని పట్టుకోవాలి? 2014 ఆగస్టులో ఈరీ నీళ్లే తాగే టొలీడో నగరంలో నాలుగు లక్షల మందికి పైగా కుళాయి నీళ్లు తాగొద్దన్నారు. నాచు వదిలే మైక్రోసిస్టిన్ విషం కాచినా పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. భాస్వరాన్ని 2008 నాటి మట్టం నుంచి 40 శాతం తగ్గించాలని 2016లో లక్ష్యం పెట్టుకున్నారు.

రష్యాలోని బైకాల్ సరస్సు పటంలో బొమ్మే లేదు, గ్రాఫు ఒక్కటే. ఇది గీయడానికే చిత్రకారులు అన్నిటికంటే తక్కువ తీసుకున్నారు. 1945లో మిఖాయిల్ కొజోవ్ మొదలుపెట్టిన కొలతల్ని ఆయన కూతురు ఓల్గా, ఆ తర్వాత మనవరాలు ల్యుబోవ్ ఇజ్‌మెస్తియెవా కొనసాగించారు. ప్రభుత్వాలు మారినా, దేశమే మారినా కొలవడం ఆపలేదు. సరస్సు పైనీరు 1946 నుంచి 1.2 డిగ్రీలు వేడెక్కిందని 2008లో లోకానికి చెప్పగలిగింది ఈ లెక్కల పుస్తకాల వల్లే. కొలిచేవాడి జీతం చిన్న పద్దు, కోత పడితే ముందు దాని మీదే పడుతుంది. భాస్వరమే నాచుకు మూలమని ఒక చిన్న సరస్సును తెరతో రెండుగా విడదీసి 1973లో నిరూపించిన కెనడా ప్రయోగ సరస్సులకు 2012లో అక్కడి కేంద్ర ప్రభుత్వం నిధులు ఆపేసింది. 2014లో వేరే సంస్థ చేపట్టడంతో అవి బతికాయి.

ఈరీతో సహా ఉత్తర అమెరికా పెద్ద సరస్సుల్లో చేపల్ని జలగలా పట్టుకుని పీల్చి చంపే సీ లాంప్రే అనే జీవి పటం చూసి, దీన్ని ఇంకా నిర్మూలించలేదా అని చాలామంది అడిగారు. లేదు. 1950ల చివర్లో దొరికిన మందుతో దాని సంఖ్యను 90 శాతం దాకా తగ్గించారు కానీ, ఆ మందు ఏటా చల్లుతూనే ఉండాలి. కోవిడ్ కాలంలో పని తగ్గగానే లాంప్రేలు మళ్లీ పెరిగాయి.

మిగతా పద్దుల గురించి చెప్పేది తక్కువ. అచ్చు ఖర్చు పెరిగింది ప్లాస్టిక్ ఫ్లెక్సీ వద్దనుకోవడం వల్ల. సరస్సుల కాలుష్యం గురించి దాని మీద అచ్చేస్తే జనం నవ్వుతారు. అనువాదానికి పెట్టిన దానిలో ఎక్కువ భాగం జపాన్‌లోని బీవా సరస్సు వ్యాసానిది. 1977లో అక్కడ ఎర్రనాచు లేచాక గృహిణులు సబ్బు ఉద్యమం నడపడం, 1979లో భాస్వరం కలిసిన డిటర్జెంట్ల మీద ఆంక్షలు రావడం అందులో ఉన్నాయి. మధ్య ఆసియాలోని అరల్ సముద్రం ఎందుకు లేదని అడిగారు. అది ఉప్పునీటి సరస్సు, మన పరిధిలోకి రాదు.

వెయ్యి ప్రతుల్లో 590 అమ్ముడయ్యాయి, 260 గ్రంథాలయాలకు, బడులకు ఉచితంగా పంపాం, 150 ఉన్నాయి. నిల్వ సొమ్ముతో అర్మేనియాలోని సెవాన్ సరస్సు మీద 25వ పటం చేయించాలని కమిటీ తీర్మానించింది. నీరు తోడేయడంతో మట్టం సుమారు 20 మీటర్లు పడిపోయిన ఆ సరస్సుకు 48 కిలోమీటర్ల సొరంగం తవ్వి 1981 నుంచి నీరు తెచ్చారు. పటానికి పోగా మిగిలేది ప్రదర్శన రవాణాకే వాడతాం. బిల్లులు, బ్యాంకు పుస్తకం కోశాధికారి దగ్గర ఉన్నాయి, దాతలెవరైనా చూడవచ్చు. తమ చందా జమ కాలేదన్న అనుమానం ఉన్నవారు రసీదు సంఖ్య తెలిపితే సరిచూసి జవాబిస్తాం.