హెవీ ఎక్విప్‌మెంట్ మెయింటెనెన్స్ చదువుతానన్న అమ్మాయికి

అమ్మలూ,

నువ్వు పంపిన సిలబస్ చూశాను. హైడ్రాలిక్స్, డీజిల్ ఇంజిన్లు, ఎలక్ట్రికల్, పవర్ ట్రాన్స్‌మిషన్, వెల్డింగ్ అన్నీ వరసగా, ఒకే మోతాదులో ఉన్నట్టు రాశారు. పనిలోకి దిగాక వాటి బరువు అలా సమానంగా ఉండదు. ఎక్కడ ఎక్కువసేపు కూర్చుని చదవాలో, ఎక్కడ ప్రాణం మీదికి వస్తుందో రాస్తున్నాను. చేరాలా వద్దా అన్నది నువ్వే తేల్చుకో.

విప్పి బిగించడం కొన్ని నెలల్లో ఎవరికైనా వస్తుంది. ఏది విప్పాలో, అసలు విప్పనక్కర్లేదో కొలిచి చెప్పగలిగినవాళ్ళే ఈ పనిలో తక్కువ. పంపు మార్చారు, బాగవలేదు. వాల్వ్ మార్చారు, అప్పటికీ బాగవలేదు. చివరికి చూస్తే మూసుకుపోయిన డీజిల్ ఫిల్టరు. ఇలాంటి బిల్లులు చూసిన యజమానులు గేజీ పెట్టి మాట్లాడే మనిషి కోసం వెతుకుతుంటారు.

అందుకే హైడ్రాలిక్స్ మీద ఎక్కువ రోజులు పెట్టు. ఫ్లో వల్ల వేగం, ప్రెషర్ వల్ల బలం. ఈ ఒక్కటి ఒంటబడితే సగం పాఠం వచ్చినట్టే. 120 మిల్లీమీటర్ల బోరు (లోపలి వ్యాసం) ఉన్న సిలిండర్‌కు 350 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలమానం) ఇస్తే అది దాదాపు 40 టన్నుల బలంతో తోస్తుంది. లెక్క నువ్వే వేసి చూసుకో: వైశాల్యం సుమారు 113 చదరపు సెంటీమీటర్లు. పెద్ద ఎక్స్‌కవేటర్ల మెయిన్ రిలీఫ్, అంటే ప్రెషర్ హద్దు దాటకుండా ఆపే వాల్వ్, దాదాపు ఆ 350 బార్ దగ్గరే ఉంటుంది.

"బండి నెమ్మదించింది" అని ఆపరేటర్ అన్నాడనుకో. స్పానర్ ముట్టుకోకముందు అడగాల్సినవి ఉన్నాయి. అన్ని కదలికలూ నెమ్మదించాయా, ఒక్కటేనా? బూమ్ (పెద్ద చెయ్యి), ఆర్మ్ (ముందు చెయ్యి), బకెట్, స్వింగ్ (పైభాగం తిరగడం) అన్నీ నెమ్మదిస్తే తప్పు అన్నింటికీ ఉమ్మడిగా ఉన్న చోట ఉంటుంది: ఆయిల్ మట్టం, సక్షన్ స్ట్రైనర్ (పంపు ఆయిల్ పీల్చుకునే చోట ఉండే జల్లెడ), పైలట్ ప్రెషర్ (లివర్ నుంచి వాల్వులను కదిపే చిన్న ప్రెషర్), మెయిన్ పంపు. పైలట్ ప్రెషర్ మామూలుగా 30 నుంచి 40 బార్ మధ్య ఉండాలి. అది పడిపోతే స్పూల్స్ (వాల్వ్ లోపల జరిగి ఆయిల్‌కు దారి ఇచ్చే కడ్డీలు) పూర్తిగా తెరుచుకోవు, పంపు ఎంత బాగున్నా లాభం లేదు. బూమ్ ఒక్కటే నెమ్మదిస్తే ముందు బూమ్ స్పూల్, దాని సొంత రిలీఫ్ వాల్వ్ (పోర్ట్ రిలీఫ్), దాని సిలిండర్ చూడు. లోడు పడగానే ఇంజిన్ వేగమే తగ్గిపోతుంటే హైడ్రాలిక్స్ కంటే ముందు ఇంధనం వైపు చూడు. ఖాళీ బకెట్‌తో చురుగ్గా కదిలి, బరువు ఎత్తలేకపోతే ప్రెషర్ సంగతి. ఎంత బరువైనా ఎత్తుతూ నిదానంగా ఉంటే ఫ్లో సంగతి.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగా పనిచేసి మధ్యాహ్నానికి నీరసపడితే అరుగుదలని అనుమానించు. వేడెక్కిన ఆయిల్ పల్చబడి, అరిగిన సందుల్లోంచి లోపల్లోపలే జారిపోతుంది. అప్పుడు పంపు కేస్ డ్రెయిన్ లైనుకు (పంపు లోపల కారిన ఆయిల్ ట్యాంకుకు తిరిగిపోయే పైపుకు) ఫ్లో మీటర్ కట్టి, ఆయిల్ పని వేడికి వచ్చాక కొలిచి, మాన్యువల్లోని అంకెతో పోల్చు. చల్లటి ఆయిల్‌తో కొలిస్తే అరిగిన పంపు కూడా మంచిదిలాగే కనిపిస్తుంది. ఇక రిలీఫ్ వాల్వ్ స్క్రూ తిప్పి ప్రెషర్ పెంచేసి "సరిచేశాం" అనేవాళ్ళను అక్కడక్కడా చూస్తావు. అది మరమ్మతు కాదమ్మా, తర్వాత పగలబోయే హోసుకు ముహూర్తం పెట్టడం.

బూమ్ ఆపిన చోట నిలవకుండా దిగుతుంటే అందరూ సిలిండర్ సీలు పోయిందనేస్తారు. బరువును ఎత్తిన చోటే నిలిపే లోడ్ హోల్డింగ్ వాల్వ్ లీకైనా, స్పూల్ అరిగినా లక్షణం అదే. విడివిడిగా పరీక్షించి తేల్చాలి.

శుభ్రత గురించి సిలబస్‌లో ఒక్క ముక్క లేదు. స్పూల్‌కూ అది జరిగే గూటికీ మధ్య సందు కొద్ది మైక్రాన్లే. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే కంటికి ఆనని దుమ్మే అక్కడ గరుకుకాగితంలా పనిచేస్తుంది. హోస్ విప్పగానే రెండు చివరలకూ మూతలు పెట్టాలి. గుడ్డ ముక్క కుక్కితే దాని పోగులే లోపలికి పోతాయి. విప్పకముందే చుట్టూ కడగాలి. కొత్త ఆయిల్ డ్రమ్ము తెచ్చినా ఫిల్టర్ గుండానే పొయ్యాలి, సీలు తీయని డ్రమ్ములోని ఆయిల్ కూడా ఈ పనికి కావలసినంత శుభ్రంగా ఉంటుందని నమ్మకానికి లేదు. ఆయిల్ శుభ్రతకు ఐఎస్ఓ 4406 అనే కోడ్ ఉంది, 18/16/13 లాగా మూడు అంకెలతో రాస్తారు. ఒక అంకె పెరిగితే రేణువుల సంఖ్య దాదాపు రెట్టింపైనట్టు. ఈ కోడ్ చదవడం మొదటి ఏడాదిలోనే నేర్చుకో.

ఆయిల్ శాంపిల్ రిపోర్టు కూడా అంతే. సిలికాన్ పెరిగితే దుమ్ము చొరబడుతోంది, ముందు ఎయిర్ ఫిల్టరు, దాని పైపు క్లిప్పులు చూడు. సోడియం, పొటాషియం పెరిగితే కూలెంట్ కలుస్తున్నట్టు అనుమానించు. ఒక్క రిపోర్టుతో తీర్పు చెప్పకు, వరసగా మూడు నాలుగు పక్కపక్కన పెట్టి చూడు. శాంపిల్‌ను ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు తీయాలి. చల్లారాక సంప్ (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టి) అడుగు నుంచి తీస్తే మడ్డి వచ్చి రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది.

ఇప్పుడు భయపడాల్సినవి. హోసులో సన్నని చిల్లు ఉందేమోనని చేత్తో తడిమి చూడకు, గ్లవ్స్ ఉన్నా సరే. ఆ చిల్లులోంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది, మొదట పెద్దగా నొప్పి కూడా ఉండకపోవచ్చు. ఆలస్యమైతే వేలో చెయ్యో తీసేయాల్సి రావచ్చు. అట్టముక్క పెట్టి చూడాలి. గుచ్చుకుంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళి "ప్రెషర్‌తో ఆయిల్ లోపలికి పోయింది" అని ఆ మాటే చెప్పాలి. లేకపోతే చిన్న గాయమనుకుని కట్టు కట్టి పంపేస్తారు.

యంత్రం మీద చెయ్యి వేసేముందు వరస తప్పకూడదు. ఆపు, శక్తి వచ్చే ప్రతి దారినీ మూసెయ్యి, నీ తాళం నువ్వే వెయ్యి, తాళంచెవి నీ జేబులోనే ఉంచుకో, మిగిలిన శక్తిని వదిలించు, తర్వాత స్టార్ట్ బటన్ నొక్కి కదలదని రూఢి చేసుకో. జనం మర్చిపోయేది మిగిలిన శక్తిని వదిలించడం. కరెంటు ఆగినా అక్యుములేటర్లో (గ్యాస్‌తో ప్రెషర్‌ను నిల్వ ఉంచే సీసాలో) ప్రెషర్ అలాగే ఉంటుంది, ఎత్తి ఉన్న బూమ్ బరువు అలాగే ఉంటుంది. అక్యుములేటర్లో నైట్రోజన్ తప్ప ఇంకేదీ నింపకూడదు. ఆక్సిజన్ నింపితే ఆయిల్‌తో కలిసి పేలుతుంది. ట్రాక్ బిగువు తగ్గించేటప్పుడు గ్రీజు వాల్వ్‌ను ఒక చుట్టుకు మించి విప్పకు, ఎదురుగా నిలబడకు. లోపలున్న గ్రీజు వాల్వ్‌నే తూటాలా విసరగలదు.

ఆడపిల్లవి, బరువులెలా ఎత్తుతావని ఎవరైనా అంటే, 25 కిలోలు దాటిన భాగాన్ని హోయిస్టుతోనే ఎత్తమని చాలా సర్వీసు మాన్యువల్స్‌లోనే రాసి ఉంటుందని చెప్పు. నేర్చుకోవాల్సింది స్లింగు (బరువును కట్టి ఎత్తే తాడు) కోణం. వెయ్యి కిలోల బరువును రెండు కాళ్ళ స్లింగుతో, నేలకు 60 డిగ్రీల కోణంలో ఎత్తితే ఒక్కో కాలు మీద దాదాపు 577 కిలోలు పడుతుంది. అదే 30 డిగ్రీలకు దిగితే ఒక్కో కాలు మీద పూర్తి వెయ్యి కిలోలు. ఈ లెక్క తెలియకపోతే స్లింగు తెగుతుంది.

బేరింగ్, బోల్టు చిన్న విషయాల్లా ఉంటాయి కానీ చాలా బ్రేక్‌డౌన్లు అక్కడే మొదలవుతాయి. షాఫ్ట్‌కు బిగువుగా ఎక్కే బేరింగ్‌ను బయటి రింగు మీద కొట్టి ఎక్కిస్తే ఆ దెబ్బ బాల్స్ గుండా పోయి అవి దొర్లే గాడుల మీద గుంటలు పడతాయి. ఇండక్షన్ హీటర్ మీద 110 డిగ్రీల వరకు వేడి చేసి ఎక్కించు, గ్యాస్ మంట వద్దు. గ్రీజు లోపలి ఖాళీలో మూడో వంతు నుంచి సగం వరకు చాలు. నిండా కుక్కితే అది చిలికినట్టై వేడెక్కి సీలు తోసేస్తుంది. బోల్టుకు పెట్టే టార్క్‌లో సుమారు పదో వంతే బిగింపుగా మారుతుంది, మిగతాదంతా రాపిడికే పోతుంది. కాబట్టి పొడి మరకు ఇచ్చిన టార్క్‌ను ఆయిల్ రాసిన మరకు పెడితే బోల్టు సాగిపోతుంది.

ఎలక్ట్రికల్ అంటే చాలామంది మెకానిక్కులు తప్పుకుంటారు, నువ్వు తప్పుకోకు. స్టార్టర్ బరువుగా తిరుగుతుంటే బ్యాటరీ మార్చేముందు, సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ ప్లస్‌కూ స్టార్టర్ ప్లస్‌కూ మధ్య మల్టీమీటర్ పెట్టు. 24 వోల్టుల సిస్టంలో అక్కడ ఒక వోల్టు దాటి కనిపిస్తే లోపం కేబుల్లోనో టెర్మినల్లోనో ఉంది. క్యాన్ బస్ (బండిలోని కంట్రోలర్లు, అంటే ఎలక్ట్రానిక్ కంప్యూటర్లు, ఒకదానితో ఒకటి మాట్లాడుకునే జత తీగలు) తీగలు రెండింటి మధ్య, పవర్ ఆపి కొలిస్తే 60 ఓంలు రావాలి. 120 వస్తే ఒక చివరి రెసిస్టర్ తెగింది, 40 వస్తే ఎవరో అదనంగా ఒకటి తగిలించారు. కోడ్ వచ్చిందని సెన్సర్ మార్చెయ్యకు. తీగా, కనెక్టరూ చూశాకే సెన్సర్ దగ్గరికి వెళ్ళు. బండి మీద వెల్డింగ్ చేసేముందు బ్యాటరీ, కంట్రోలర్ కనెక్టర్లు తీసి, ఎర్త్ క్లాంపును వెల్డుకు దగ్గరగా పెట్టాలి. దూరంగా పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని కాలుస్తుంది. బ్యాటరీతో నడిచే పెద్ద యంత్రాలూ వస్తున్నాయి. నారింజ రంగు కేబుల్ కనిపిస్తే హైవోల్టేజి శిక్షణ పొందేదాకా దాన్ని తాకకు.

కోర్సయ్యాక దారులు రెండు. తిరిగే యంత్రాలైతే ఎండ, బురద, రాత్రి ఫోన్లు. ఒంటరిగా ఆలోచించి తేల్చడం త్వరగా అలవాటవుతుంది. ఫ్యాక్టరీలో స్థిరంగా ఉండే కంప్రెసర్లు, కన్వేయర్లు, గేర్‌బాక్సులైతే షిఫ్టులు. షాఫ్ట్ అలైన్‌మెంట్, వైబ్రేషన్ విశ్లేషణ లోతుగా వస్తాయి. నా ఓటు మొదట ఒకటి రెండేళ్ళు తిరిగే యంత్రాలకే. ఒకే బండిలో ఇంజిన్, హైడ్రాలిక్స్, ఎలక్ట్రికల్ మూడూ దొరుకుతాయి.

ఫీజు కట్టకముందు వర్క్‌షాపు చూపించమని అడుగు. ఒక్కో ఇంజిన్‌కు ఎంతమంది విద్యార్థులు? ఫ్లో మీటర్, ప్రెషర్ గేజీలు అద్దాల బీరువాలో ఉన్నాయా, ఆయిల్ మరకలతో ఉన్నాయా? కంట్రోలర్ ఉన్న యంత్రం ఒక్కటైనా ఉందా? సర్క్యూట్ బొమ్మలు చేతికిచ్చి, లోపం పెట్టి వెతకమంటారా? అప్రెంటిస్‌గా పంపుతారా, ఎన్ని నెలలు? ప్రిన్సిపాల్‌నే కాదు, రెండో ఏడాది చదువుతున్న వాళ్ళను కూడా అడిగి, వాళ్ళేమన్నారో నాకు రాయి.

నాన్న