పెద్ద పండుగప్పను వదిలేద్దాం

సంపాదకుల గారికి నమస్కారం.

సెలవు దొరికితే రాడ్డు, రీలు పట్టుకుని గోదావరి సముద్రంలో కలిసే మొగల వైపు పోయేవాళ్లలో నేనూ ఒకణ్ణి. మేం పట్టే పండుగప్ప చేప గురించి ఈ ఉత్తరం. కాబట్టి ఇది ముందుగా మా బాపతు వాళ్ల మీదే.

ఒకప్పుడు రొయ్యను గాలానికి గుచ్చి గంటలకొద్దీ కూర్చునేవాళ్లం. ఇప్పుడు లూర్లనే ప్లాస్టిక్ చేపలు, రబ్బరు రొయ్యలు వచ్చాయి. పాటు తీసేటప్పుడు, అంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గేటప్పుడు, మడ చెట్ల మధ్య సన్న పాయల్లోంచి నీళ్లతోపాటు పిల్లచేపలు బయటికి జారతాయి. పాయ మూతి దగ్గర పండుగప్ప కాచుకుని ఉంటుంది. అక్కడ లూర్ విసిరి ఆగి ఆగి లాగితే, దెబ్బతిన్న చేపనుకుని ఒక్కసారిగా మీద పడుతుంది. ఆ చప్పుడు ఒకసారి విన్నవాడికి ఇంట్లో కాలు నిలవదు.

అయితే పండుగప్ప మొదట మగచేపగా ఎదిగి, కొన్నేళ్లకు బాగా పెరిగాక ఆడదిగా మారుతుంది. ఫోటో కోసం మేం రెండు చేతులా ఎత్తి పట్టుకునే పదికిలోల చేప చాలావరకు ఆడదే. వానాకాలంలో మొగల దగ్గర లక్షల్లో గుడ్లు పెట్టేది అదే. ఆ పిల్లలే మడ పాయల్లోకి ఎక్కి పెరుగుతాయి. అంటే మేం ఏరి ఏరి తల్లుల్నే చంపుతున్నాం. పోయిన వానాకాలం నేనూ ఒకదాన్ని కోయించాను. పొట్టనిండా జన, అంటే గుడ్లే. ఇంట్లో వేపుడు బాగుందన్నారు గానీ నాకు ముద్ద దిగలేదు.

ఇదే చేపను ఆస్ట్రేలియావాళ్లు బారాముండి అంటారు. అక్కడి క్వీన్స్‌లాండ్‌లో 58 సెంటీమీటర్లకు తక్కువున్నా, 120 దాటినా తిరిగి నీళ్లలో వదలాల్సిందే. మన చేపకు ఏ కొలత తగునో మత్స్యశాఖ తేల్చి, సరదాకి వేటాడే మాలాంటి వాళ్లకు నిబంధన పెట్టాలి. వల మీద బతికేవాళ్లకు దీన్ని అంటగట్టకండి. వాళ్లు ఇప్పటికే ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు కట్టేసి కూర్చుంటున్నారు. మాకు కూరకే కావాలంటే చెరువుల్లో పెంచిన పండుగప్ప బజారులో దొరుకుతుంది.

వదిలేయడం కూడా తెలిసి చేయాలి. లూర్‌కు మూడు కొనల గాలాలు రెండుంటే ఒకటి నోట్లో, ఇంకొకటి కంట్లో దిగుతుంది. వాటి బదులు ఒంటి గాలం కట్టుకుని, కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లును ప్లయర్‌తో నొక్కేస్తే తేలిగ్గా ఊడుతుంది. కొన్ని చేపలు తప్పించుకుంటాయి, పోనీండి. తడిచేత్తో పొట్ట కింద ఆనించి పట్టుకోవాలి తప్ప దవడ పట్టి వేలాడదీయకూడదు.

మొన్న ఒక కొంగ కాలికి మా బాపతు గాలపు దారమే చుట్టుకుని ఉంది. పడవ నడిపే పెద్దాయన కత్తితో కోసి దాన్ని విడిపించి, "వల చిరిగితే మేం ఏరుకుంటాం సారూ, మీరు తెంపుకుని పోతారు" అన్నాడు. ఏం చెప్పను?

ఇంకొక్క మాట. ఇక్కడి కోరంగి మడ అడవి 1978 నుంచి అభయారణ్యం. పాయల్లో తిరిగే కొత్తవాళ్లకు దాని హద్దు ఎక్కడో తెలియదు. పడవ ఎక్కే రేవుల్లో అటవీశాఖ ఒక మ్యాపు బోర్డు పెట్టించాలి. దాని పక్కనే మత్స్యశాఖ పండుగప్ప బొమ్మ వేయించి, కింద కొలబద్ద గీయిస్తే ఇంకా మంచిది. ఖర్చుకు చందా అడిగితే మేం వెనకాడం.

— ఒక పాఠకుడు, తాళ్లరేవు