నాబె పెట్టె కొన్నవారికి: పొంజు విషయం, కొంబు మార్పు, కుండ పగుళ్లు

నాబె అంటే కుండలో రసం కాచి, అందులో కూరలు ఉడికించుకుని తినే జపాన్ వంట. ముందు మా తప్పు చెప్పుకోవాలి. టోక్యో నిషి కసాయిలోని మా కొట్టు నుంచి పోయిన చలికాలం ‘శాకాహార నాబె పెట్టె’ అని అమ్మినదాంట్లో పొంజు సీసా శాకాహారం కాదు. పొంజు అంటే సోయా సాస్‌లో నిమ్మజాతి పళ్ల రసం కలిపిన, నంజుకునే పుల్లటి సాస్. కొట్లలో దొరికే చాలా రకాల్లో కత్సువో, అంటే బోనిటో చేప సారం కూడా పోస్తారు. సీసా వెనక చిన్న అక్షరాల్లో ఆ మాట ఉంది. మేము ముందువైపు పేరు మాత్రమే చూసి పెట్టెలో పెట్టేశాం. చేప తినని ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు. ఆ పెట్టె కొన్న అందరికీ మొత్తం డబ్బు వెనక్కి ఇస్తున్నాం, రసీదు అక్కర్లేదు. మీరు బయట కొనేటప్పుడు కూడా వెనక కత్సువో, సబా, నిబోషి, గ్యోకై అనే మాటలు ఉన్నాయేమో చూడండి. నాలుగూ చేపకు సంబంధించినవే.

ఈసారి పెట్టెలో పొంజు పెట్టడం లేదు. ఇంట్లో కలుపుకోవడం సులువు. మిరిన్ అంటే వంటలో వాడే తియ్యటి బియ్యపు మద్యం. 30 మిల్లీలీటర్ల మిరిన్‌ను ఒక్క పొంగు రానిచ్చి చల్లార్చండి. అందులో సోయా సాస్ 100, యుజు (జపాన్ నిమ్మజాతి పండు) రసం లేదా నిమ్మరసం 70 మిల్లీలీటర్లు పోసి, వేలెడంత కొంబు (ఎండు సముద్రపు నాచు) ముక్క వేసి ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచితే చాలు. అసలైన మిరిన్‌లో సుమారు 14 శాతం ఆల్కహాల్ ఉంటుంది. కాచినా పూర్తిగా పోతుందని చెప్పలేం. వద్దనుకుంటే దాని బదులు రెండు చెంచాల పంచదార వేయండి.

ఇక కొంబు. హొక్కాయిదో తీరంలో ఈ సముద్రపు నాచు దిగుబడి ఏళ్లుగా తగ్గుతోంది, ధర ఎక్కుతోంది. పెట్టె ధర పెంచకుండా ఉండాలని రిషిరి కొంబు మాని హిదకా కొంబు పెడుతున్నాం. హిదకా తొందరగా మెత్తబడుతుంది, తినడానికి బాగుంటుంది. రసం మాత్రం రిషిరి అంత తేటగా రాదు. ఆ తేడా మీకు తెలుస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాం. 10 గ్రాముల చోట 15 గ్రాములు పెట్టింది అందుకే.

మాకు ఎక్కువగా వచ్చిన ఫిర్యాదు దాషి (కొంబు నానబెట్టి కాచే రసం) జిగురుగా, నీచు వాసనగా ఉందని. కొంబును నీళ్లతో పాటు తెర్లనిస్తే అలాగే అవుతుంది. లీటరు చన్నీళ్లలో కొంబు వేసి కనీసం అరగంట నాననివ్వండి. ముందుగా కడగొద్దు, పొడిగుడ్డతో పైపైన తుడిస్తే చాలు. పైనున్న తెల్లటి పొడి బూజు కాదు, మానిటాల్ అనే తీపి పదార్థం. తర్వాత సన్నటి సెగ మీద పది నిమిషాలు పట్టేలా వేడి చేయండి. అడుగు నుంచి చిన్న బుడగలు లేవగానే కొంబు తీసేయండి. అది తీశాక ఎంత మరిగినా పరవాలేదు.

చేప వేయనివారు నాలుగు ఎండు షియిటాకే పుట్టగొడుగులను కూడా అదే చన్నీళ్లలో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. కొంబు రుచికి గ్లూటమేట్ మూలమని ఇకెదా కికునాయె 1908లో కనిపెట్టారు. షియిటాకేలో ఉండేది గ్వానిలేట్ అనే మరో రుచి పదార్థం. రెండూ కలిస్తే విడివిడిగా ఉన్నప్పటికంటే రుచి ఎన్నోరెట్లు చిక్కబడుతుంది. తొందరపడి వేడినీళ్లలో నానబెడితే పుట్టగొడుగు మెత్తబడుతుంది గాని ఆ రుచి దిగదు.

ఈ లీటరు దాషి ముగ్గురికి సరిపోతుంది. సోయా సాస్, మిరిన్ 65 మిల్లీలీటర్ల చొప్పున పోయండి. రుచి చూస్తే కాస్త ఉప్పగా అనిపించాలి. అరకిలో హకుసాయి క్యాబేజీ వేశాక అది చాలా నీరు వదులుతుంది, అప్పుడు సరిపోతుంది. అన్నీ ఒకేసారి కుక్కితే సెగ పడిపోయి కూరలు ఉడకవు, నీరసపడతాయి. క్యాబేజీ కాడలు, క్యారెట్, నెగి ఉల్లికాడలు, షియిటాకే ముందు. ఐదు నిమిషాలకు తోఫు, క్యాబేజీ ఆకులు, ఎనోకి పుట్టగొడుగులు. షుంగికు ఆకు ఆఖరున, నిమిషం దాటితే చేదెక్కుతుంది. కోడిమాంసం వేస్తే తెట్టు కట్టగానే తీసేయండి. పచ్చిమాంసం వేసే పుల్లలు (చాప్‌స్టిక్స్) వేరు, తినే పుల్లలు వేరు ఉండాలి.

కుండలో అల్లంవెల్లుల్లి ముద్ద వేయవచ్చా అని అడుగుతుంటారు. వేస్తే దాషి రుచి మునిగిపోతుంది. కారం కావాలంటే ఎవరి గిన్నెలో వారు యుజు కొషో కలుపుకోండి. పచ్చిమిరప, యుజు తొక్క, ఉప్పు కలిపి నూరే క్యూషూ పచ్చడి అది, మన నాలుకకు పరాయిగా ఉండదు.

కుండలు పగిలిన సంగతి. దొనాబె (నాబె వండే మట్టికుండ) ఇచ్చినప్పుడు తెలుగులో జాగ్రత్తల కాగితం పెట్టకపోవడం మా లోపం. పగిలినవారికి కొత్తది సగం ధరకు ఇస్తాం. కొత్త కుండను నేరుగా వాడకూడదు. మనవైపు కొత్త మట్టికుండలో గంజి పోసి ఉంచినట్టే, ఇందులోనూ మూడువంతులకు పైగా నీళ్లు, గుప్పెడు అన్నం వేసి సన్నటి సెగ మీద గంట సేపు జావ కాచి, పూర్తిగా చల్లారేదాకా అలాగే వదిలేయాలి. పిండిపదార్థం మట్టిలోని సన్న రంధ్రాలను మూస్తుంది. అడుగు తడిగా ఉండగా పొయ్యి మీద పెట్టినా, ఖాళీగా వేడి చేసినా, వేడి కుండను చన్నీళ్ల కింద పెట్టినా చీలుతుంది. గాజుపూతలో కనిపించే వెంట్రుకంత గీతలు మాత్రం పగుళ్లు కావు. నీరు చెమ్మగిల్లితే మళ్లీ జావ కాచండి. మేం అమ్మేవి ఐహెచ్ (ఇండక్షన్) పొయ్యి మీద పనిచేయవు.

క్యాసెట్ గ్యాస్ పొయ్యి వాడేవారు ఒక్క విషయం తప్పకుండా చూసుకోండి. కుండ అంచు గ్యాస్ డబ్బా ఉన్న వైపు మీదికి రాకూడదు. ఆ వేడికి డబ్బా పేలవచ్చు. అందుకే 10వ నంబరు కుండలు, అంటే 30 సెంటీమీటర్లవి, పొయ్యి కొలత చెప్పకుండా అడిగినవారికి ఇక ఇవ్వం.

మిగిలిన రసంలో కడిగిన అన్నం రెండు గిన్నెలు వేసి మూడు నిమిషాలు ఉడికించి, గిలకొట్టిన రెండు గుడ్లు పోసి, మంట ఆపి నిమిషం మూత పెడితే జోసుయి అనే జావ. గుడ్డు తినకపోతే ఉదోన్ (లావు గోధుమ నూడుల్స్) వేసుకోండి. ఏది మిగిలినా రాత్రి కుండలోనే ఉంచొద్దు, మట్టికుండ ఆ వాసనను పీల్చేసుకుంటుంది. కడిగి బోర్లించి, అడుగు పూర్తిగా ఆరాకే లోపల పెట్టండి.