శుక్రవారం పొద్దున్న నిన్ను చూశాం

తెనాలి,
ఆదివారం

చిన్నా,

మేం కులాసా. ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తున్నావు, అందుకే ఉత్తరం రాస్తున్నా. దీన్ని మధ్యలో కట్ చేయలేవుగా.

విశేషాలేం లేవు. మొన్న సుబ్బులత్త వాళ్ల పండుగాడు ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు, "అత్తయ్యా, బావ మాట్లాడుతున్నాడు చూడు" అంటూ. ప్రసాద్స్ బయట మైకు పెట్టి పబ్లిక్ టాక్ అడుగుతారే, అది. "ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగు, పాటలు వేస్టు, ఇంట్లో పడుకోండి" అన్నావు. పక్కనోళ్లు ఈలలు. మీ నాన్నగారు నాలుగుసార్లు పెట్టించుకుని, "వీడికి మైకు భయం లేదే" అని మురిసిపోయారు. నేను చొక్కా చూశాను. ఉగాదికి కొన్న నీలం చొక్కా, ఇస్త్రీ లేదు. మెడలో ఆఫీసు ట్యాగూ లేదు. సెలవు పెట్టావేమోలే.

నచ్చని సినిమాని నచ్చలేదనే అనాలి, కాదనను. కానీ పాటలు వేస్టని ఎలా అన్నావురా? పాట రాగానే పాప్‌కార్న్‌కి లేచిపోయే మనిషివి!

రాజు మావయ్య సంగతి నీకు తెలిసిందే, అయినా చెప్తాను. 1990 మే 9న 'జగదేక వీరుడు అతిలోక సుందరి' విడుదలైంది. సరిగ్గా అదే రోజు తుఫాను. మా వీధిలో కరెంటు లేదు, పాలు లేవు. వాన కాస్త తెరిపివ్వగానే మావయ్య లుంగీ ఎగగట్టి మోకాటి లోతు నీళ్లలో పడి వెళ్లాడు. హాల్లో పట్టుమని ముప్పై మంది లేరట. కింద నీళ్లు, కాళ్లు కుర్చీ మీద పెట్టుకుని చూశాడట. బయటికొచ్చి టీకొట్టు దగ్గర "సినిమా పోయింది, హాలు ఖాళీ" అన్నాడు. ఆ మాట మావయ్య కంటే ముందే మా ఇంటికొచ్చేసింది. ఇంకేముంది, అమ్మమ్మ మమ్మల్ని పంపనంది. నాలుగు రోజులకి ఎండ కాసింది. ఎదురింటి బామ్మగారు నేల టికెట్టుకి వెళ్లొచ్చి, "దేవకన్య ఉంగరం పారేసుకుంటుందే" అని అరుగు మీద కూచుని కథంతా చెప్పింది. ఆ వారంలోనే ఆడవాళ్ల క్యూ రోడ్డు దాకా వచ్చింది. నేనూ పిన్నీ రెండుసార్లు టికెట్లు దొరక్క తిరిగొచ్చాం. మావయ్యని నిలదీస్తే, "నేను వాన గురించి అన్నాను, సినిమా గురించి కాదు" అన్నాడు. ఇప్పటికీ ఏ పెళ్లిలో కనపడినా "టాక్ ఏంటి మావా?" అని ఏడిపిస్తారు.

నువ్వు ఆ రోజు సినిమా గురించే అన్నావా చిన్నా?

అప్పట్లో సినిమాకి కాస్త గడువుండేది. 'శంకరాభరణం'కీ మొదట హాళ్లు ఖాళీయే. చూసినవాళ్లు ఒకరికొకరు చెప్పుకుని నింపారు. ఇప్పుడు అమెరికాలో ప్రీమియర్ పడితే ఇక్కడ మనం పళ్లు తోముకునేలోపు టాక్ తేలిపోతోంది. డివైడ్ టాక్ వచ్చిందంటే సోమవారానికి మన హాలు ముందు సైకిల్ స్టాండు కుర్రాడు ఒక్కడే కూచుని ఉంటాడు. నీ మాట వల్లే అని కాదు. మైకు ముందు ఓ క్షణం ఆగి మాట్లాడితే నోరేం అరిగిపోదుగా అని. చూశావా, హితబోధ చేయనని మీ నాన్నగారికి మాటిచ్చి కూర్చున్నాను.

గడ్డం తీసెయ్యి. బుగ్గలు లోపలికి పోయాయి. మెస్సులో తింటున్నావా, మళ్లీ నూడుల్సేనా? మీ నాన్నగారు అడగొద్దన్నారు గానీ, పోయిన నెల ఇంటికి డబ్బులు రాలేదని నేనేం అనుకోలేదు. మాకిక్కడ ఏం ఖర్చులు? కావాలంటే పంపిస్తాం కూడా.

గోంగూర పచ్చడి, సున్నుండలు బస్సులో వేస్తున్నా. సున్నుండలు ముందు తిను. ఎప్పుడూ ఆఫీసు అడ్రసుకే వేసేదాన్ని. ఈసారి అక్కడికే వెయ్యనా, రూముకి వెయ్యనా? ఏదైనా పర్వాలేదు, రాయి.

అమ్మ